నీలిపొగ ఈరమ్మ

అనగా అనగా, మా తాతల తాతలు కూడా పుట్టని కాలాన, కొండపాడు చివర ఈరమ్మ అని బొగ్గులు కాల్చే మనిషి ఉండేది. మొగుడు లేడు, పొలం లేదు, ఒళ్లంతా మసి. కానీ ఆమె బొగ్గు పడితేనే కమ్మరి కొలిమిలో ఇనుము లొంగేది. ఉత్త కట్టె ఎంత వేసినా దాని ముందు దండగే.

ఓ ఏడు తొలకరి పడింది. ఊళ్లో నాగళ్ల కర్రులన్నీ మొద్దుబారి ఉన్నాయి. అవి వెంటనే కాల్చి సాగగొట్టకపోతే దున్నేలోపే నేల తడి ఆరిపోతుంది, విత్తనం పడదు, ఏడాదంతా పస్తే. కొలిమిలోకి బొగ్గేమో లేదు.

ఊరిపెద్ద వెంగళప్పకి తొందరెక్కువ. ఈరమ్మ కట్టెకి మట్టి కప్పి బొగ్గుల బట్టీ పెడితే, ఆమె వద్దు వద్దంటున్నా మధ్యలోనే తవ్వించాడు. లోపలికి గాలి తగిలింది. భగ్గున మండి బుట్టెడు బూడిద మిగిలింది. ఇక ఊళ్లో ఎండుకట్టె ఇంకొక్క బట్టీకే ఉంది.

ఈరమ్మ మళ్లీ కట్టె పేర్చింది. మట్టి మెత్తింది. పొగ పోను కన్నాలు వదిలి నిప్పు పెట్టి, అక్కడే కూర్చుంది.

మొదటిరోజు తెల్లపొగ.

"తవ్వుదామా?" అన్నాడు వెంగళప్ప.

"ఆగు పెద్దయ్యా, కట్టెలో నీళ్లు పోతున్నాయి."

రెండోరోజు పసుపుపొగ, కళ్లు మండే ఘాటు.

"తవ్వుదామా?"

"ఆగు పెద్దయ్యా, కట్టెలో జిగురు పోతోంది."

మూడోరోజు పొద్దున కూడా పసుపే. వెంగళప్ప ఈసారి అడగలేదు. పారలు పట్టించి పదిమందిని తెచ్చాడు.

ఈరమ్మ అడ్డం నిలబడింది. "మొన్నటి బూడిద చాల్లేదా? ముందు నన్ను తవ్వండి, తర్వాత దాన్ని తవ్వుదురు."

భయపడలేదా అంటారేమో. పడిందట. అయినా పక్కకి జరగలేదు, పారలు దించక తప్పలేదు వాళ్లకి. అదీ మా ఈరమ్మ!

మధ్యాహ్నానికి పొగ పలచబడి నీలంగా మారింది. "పోయేదంతా పోయింది, ఇక మిగిలింది సత్తువే" అని ఆమె కన్నాలన్నీ బురదతో మూసేసింది. మర్నాడు చల్లారాక తవ్వితే, కట్టె రూపు చెడకుండా నిగనిగలాడే బొగ్గు. ఆ పొద్దుకే కర్రులన్నీ సాగాయి. ఆ మరుసటి పొద్దున విత్తనం పడింది.

వెంగళప్ప ఊరందరి ముందూ అన్నాడు: "నీ బట్టీ దగ్గర ఇంక నాకు నోరు లేదు తల్లీ."

చాలా ఏళ్లకి ఈరమ్మ పోయింది. అయినవాళ్లు లేరే, పాడె ఎవరు మోస్తారనుకున్నారు. ఏడూళ్ల కమ్మర్లొచ్చి, నేను మోస్తానంటే నేను మోస్తానని పోట్లాడుకున్నారు.

ఈనాటికీ మావైపు కమ్మరి తిత్తి ఊదేముందు ఓ బొగ్గు తీసి ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మె మీద తట్టి చూస్తాడు. ఖంగుమంటే "ఈరమ్మ ఒప్పుకుంది" అంటాడు. మొద్దుగా పలికిందా, రాజుగారి కత్తి తెచ్చి ముందు పెట్టినా సరే, కొలిమి ముట్టించడు.