పలకని నగారా

అనగనగా రెండు మహారాజ్యాల నడుమ ఒక మధ్యరకం రాజ్యం. మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు. ఉత్తరాన గుర్రాల రాజు, దక్షిణాన ఏనుగుల రాజు. మధ్యలో మన బుద్ధరాజు, అడకత్తెరలో పోకచెక్కలాగా.

"గుర్రాల రాజుకి ఎన్ని గుర్రాలు అమ్మమ్మా?"

"నీ తల్లో పేలున్నన్ని. ఊ కొట్టు."

బుద్ధరాజు కోడలు పేరిందేవి. ఆవిడ పుట్టిల్లు ఏటికి అవతలి గట్టున ఏటిగడ్డ కోట. ఆ చుట్టుపక్కల చిన్నాచితకా రాజ్యాలన్నిటికీ ఒక కట్టుబాటుంది. ఆపదొచ్చిన కోట నగారా మోగిస్తుంది. విన్న కోట బదులు మోగిస్తుంది. బదులు మోగిందంటే మనుషులు బయల్దేరారన్నమాట. ఆ మోత ఒక కోట నుంచి ఇంకో కోటకి పాకుతుంటే విని, గుర్రాల రాజు ఎన్నోసార్లు ఏటిదాకా వచ్చి వెనక్కి పోయాడు.

కానీ ఏటేటా గుర్రాల మంద పెరిగింది. బుద్ధరాజుకి కంటిమీద కునుకు లేదు. ఏనుగుల రాజుకి కబురు పెట్టాడు. నీకు నేనున్నాను, నా ఏనుగులున్నాయి, నన్నడక్కుండా మాత్రం ఎవరి గొడవలోనూ తలదూర్చకు అన్నాడాయన. కొండంత అండ దొరికిందని బుద్ధరాజు ఊరంతటికీ పప్పన్నం పెట్టించాడు.

కోతల వేళ ఒక పొద్దున ఏటిగడ్డ నగారా మోగింది. పేరిందేవి చిలుకుతున్న కవ్వం వదిలేసి పరుగెత్తింది.

"మామగారూ, మా నాన్నగారు పిలుస్తున్నారు. బదులు కొట్టించండి."

"ఏనుగుల రాజుని అడగడానికి మనిషిని పంపానమ్మా. జవాబు రానీ."

"అది వచ్చేదాకా మావాళ్ళు మిగులుతారా?"

ఆయన దక్షిణపు దారికేసి చూస్తూ కూర్చున్నాడు.

మన నగారా ఎందుకు మోగలేదంటే కాపలావాడు కొట్టలేదు. కాపలావాడెందుకు కొట్టలేదంటే రాజు వద్దన్నాడు. రాజెందుకు వద్దన్నాడంటే ఏనుగుల రాజు అలుగుతాడని. అలిగితే ఏమవుతుందంటే ఏనుగులు రావు. అలగలేదు కదా, వచ్చాయా అంటే, అదీ లేదు!

బుద్ధరాజే పలక్కపోతే మనమెంత అని మిగతా కోటలూ నోరు మూసుకున్నాయి. మధ్యాహ్నానికి ఏటిగడ్డ నగారా ఆగిపోయింది.

"ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?"

"ఊ. మరి ఏనుగులు ఎందుకు రాలేదు?"

"వినవే."

కోతలయ్యేసరికి గుర్రాల దుమ్ము మన పొలిమేరలో లేచింది. ఏనుగులకి మదమెక్కింది, ఇప్పుడు కదలవు అని దక్షిణాన్నించి జవాబొచ్చింది. బుద్ధరాజు కోడలి ముందు కూలబడి, నువ్వే కొట్టమ్మా అన్నాడు.

పేరిందేవి బురుజెక్కింది. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టి, ఆగి, చెవి ఒగ్గింది. తూర్పు పలకలేదు. పడమర పలకలేదు. చివరికి ఏటి అవతల ఒక నగారా పలికింది. ఏటిగడ్డదే! మీవాళ్ళు బతికే ఉన్నారమ్మా అని బుద్ధరాజు బావురుమన్నాడు.

పేరిందేవి కర్రలు కింద పెట్టేసింది. నగారా తన పుట్టింటిదే. దెబ్బ మాత్రం గుర్రాల రాజు దండుది.

"తర్వాత అందరూ సుఖంగా ఉన్నారా అమ్మమ్మా?"

"ఉన్నారు. గుర్రాల రాజు సుఖంగా ఉన్నాడు, ఏనుగుల రాజు సుఖంగా ఉన్నాడు. పక్కింటివాళ్ళు కేకేస్తే ముందు వాకిట్లోకి రండి, వెళ్ళనా మాననా అని ఎవర్నీ అడక్కండి. కథ కంచికి వెళ్ళిపోయింది. పేరిందేవికి మాత్రం వెళ్ళడానికి అటు పుట్టిల్లూ లేదు, ఇటు మెట్టినిల్లూ లేదు. మనకింకా ఇల్లుంది. పడుకోండి."