నూకాలుకు ఏ ముఖం?

ఏ రాజుల కాలమని అడగకండి పిల్లలూ, నాకూ తెలియదు. తాటాకు మీద గంటం కీచుకీచుమని పలికిన కాలం. ఆ కాలంలో సుళ్ళేరు అనే నది ఒడ్డున పైడికోట అనే రాజ్యం ఉండేది. దాన్ని గుండమరాజు ఏలేవాడు.

కోట కింద సాలెపేట. ఆ పేటలో తిప్పాంబ అనే ఆవిడ ఉండేది. ఇంట్లో అందరికీ మగ్గం మీద ధ్యాస. ఆమెకు మాత్రం అక్షరం మీద మోజు. చిన్ననాడు పట్టిన గంటం తల నెరిసే వేళకు కూడా దించలేదు. అలా ఏళ్ళ తరబడి కూర్చుని ఒక కావ్యం రాసింది. దాని పేరు ‘సుళ్ళేటి ప్రణయం’.

ఊహించి అల్లిన కథ కాదది. ముత్తాతల నాడు జరిగిన కథ. ఏం జరిగిందో చెబుతాను, వినండి.

అప్పుడు శత్రువులు పైడికోట మీదికి దండెత్తి వచ్చారు. అదే వేళకు ఏరు పొంగింది. ఒక పక్క కత్తి, ఒక పక్క నీరు. పేటల జనం పిల్లాజెల్లాతో కోట వాకిలికి పరుగెత్తారు. కోట దళపతి బొల్లపనాయకుడు పైనుంచి చూశాడు. “లోపల ఉన్నవాళ్ళకే గింజలు చాలవు. మూయండి!” అన్నాడు. వాకిలి మూసుకుంది. ఎంత మొత్తుకున్నా తెరుచుకోలేదు.

రేవులో నూకాలు అనే పడవ మనిషి ఉంది. నల్లటి పిల్ల. ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. ఆ పిల్ల గడ అందుకుని జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించడం మొదలుపెట్టింది. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చిట్లి, గడ ఎర్రబడేదాకా దాటించింది. ఆ పిల్లంటే ప్రాణం పెట్టే మాచన కోటలో కాపలావాడు. అతను దళపతి ఆజ్ఞ కాదని ఏటివైపు నీటి తలుపు తెరిచి, కోట పడవలన్నీ రేవుకు వదిలేశాడు. పేటలు కాలిపోయాయి గానీ మనుషులు మిగిలారు.

అందుకు మాచనను చెరసాలలో వేశారు. అతను బయటికి వచ్చేసరికి తల ముగ్గుబుట్ట అయింది. నూకాలు రేవులోనే ఉంది, ఎదురుచూస్తూ. ఇద్దరూ పడవలోనే దండలు మార్చుకున్నారు.

తిప్పాంబ వాళ్ళ అమ్మమ్మ పొత్తిళ్ళలో బిడ్డగా ఆ పడవ ఎక్కింది. అందుకే ఆ కథంటే తిప్పాంబకు అంత ఆరాటం.

పైడికోటలో ఒక ఆచారం ఉండేది. ఏడాదికొక పుస్తకాన్ని రాజు ఎంచి, నకళ్ళు రాయించి ఊరూరికీ పంపేవాడు. ఆ రోజుల్లో పుస్తకమంటే తాటాకుల కట్ట, కింద ఒక పలక, పైన ఒక పలక. పై పలక మీద బొమ్మ. అదే బొమ్మను పెద్ద పలక మీద కూడా వేయించి, ప్రతి ఊరి చావడిలోనూ వేలాడదీసేవారు. చదవడం వచ్చినవాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో. బొమ్మ చూసేవాళ్ళు ఊరంతా!

ఆ ఏడు గుండమరాజు తిప్పాంబ కావ్యం విన్నాడు. సగం విన్నాడు, వాకిలి మూసిన చోటు రాకముందే నిద్ర వచ్చింది. “బాగుంది, ఇదే పంపండి” అన్నాడు. “పై పలక మీద ఏ బొమ్మ ఉండాలో పెద్దలు ఆలోచించి వసంతోత్సవం నాడు సభకు తెండి.”

ఆ మాటతోనే వచ్చింది చిక్కు.

కొన్నాళ్ళకు తిప్పాంబ చిత్రకారుడు వెంగళాచారి ఇంటికి వెళ్ళింది. చావిట్లో ఒక పలక ఆరుతోంది. పాలరాతి మేడ, మల్లెపందిరి, దాని కింద పట్టుపరుపు. పరుపు మీద మిసమిసలాడే పచ్చని పడుచు ఒకతె. పిడికెడు నడుము, జారిన పైట, అరమోడ్పు కళ్ళు.

“ఎవరండీ ఈవిడ?” అంది తిప్పాంబ.

ఆచారి నీళ్ళు నమిలాడు. “నూకాలేనట అమ్మా. శెట్టిగారు అలా వేయమన్నారు.”

అక్కడే పీట మీద ఉన్నాడు పుస్తకాల వర్తకుడు మల్లిశెట్టి. నవ్వుతూ లేచాడు. “రండి తల్లీ! ఎలా ఉంది? చూసినవాడు చూపు తిప్పుకుంటాడా చెప్పండి!”

“పడవ ఏదీ?”

“అదుగో!” కొలనులో తామరాకుల నడుమ ఆవగింజంత పడవ ఉంది.

తిప్పాంబకు ఒళ్ళు మండింది. “శెట్టిగారూ! ఈవిడ చేతులకు గోరింటాకు ఉంది. నూకాలు చేతులు నెత్తురు కారాయి. ఈవిడ పైట సర్దుకోలేకుండా ఉంది, ఏటికి ఎదురు గడ వేసిందంటే ఎవరు నమ్ముతారు?”

“నల్లటి మనిషిని, మచ్చల ముఖాన్ని ఎవరు చూస్తారమ్మా? ప్రణయకథ అన్నారు, పెళ్ళి అన్నారు. మరి అందం లేకపోతే ఎలా? బొమ్మ దారి బొమ్మది, కథ దారి కథది. ఆవేశపడకండి.”

“పుస్తకం చదివారా మీరు?”

“చదవాలా?” అన్నాడు మల్లిశెట్టి, నిజంగా ఆశ్చర్యపోతూ.

తిప్పాంబ గిరుక్కున తిరిగి వచ్చేసింది. ఆస్థాన పండితుడు శంభుభట్టు అయినా న్యాయం చెబుతాడని నేరుగా ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన ఆమె మాట వింటూ తల ఊపాడు.

“నిజమే అమ్మాయీ. ఆ శెట్టికి రసజ్ఞత లేదు. నేను వేయించిన పలక చూడు.”

అరుగు మీద రెండో పలక ఉంది. దాని మీద నూకాలుకు నాలుగు చేతులు! తల వెనక వెలుగు. కాళ్ళు నీటికి అంటలేదు. గడ లేకుండానే పడవ తనంతట తానే నడుస్తోంది. పైనుంచి పూలవాన.

“ఇదేమిటండీ?”

“పడవ లాగే పిల్లకు అంతటి త్యాగం ఎక్కడినుంచి వస్తుంది? శాపం తగిలి భూమికి దిగిన గంధర్వకన్య అయ్యుండాలి. నాయిక ఉత్తమ వంశంలో పుట్టకపోతే కావ్యం రాణించదు. నీ కోసమే పైకెత్తాను.”

అరికాలి మంట నెత్తికెక్కింది తిప్పాంబకు. “పైకెత్తలేదయ్యా, తుడిచేశారు! చేయి నొప్పి ఎరగని దేవత పడవ నడిపితే గొప్పేముంది? చావంటే తెలియనివాళ్ళకు ధైర్యం దేనికి? పేదింటి పిల్ల గొప్ప పని చేస్తే, అది ఆ పిల్లే చేసిందని ఒప్పుకోవడానికి మీకు నోరు రాదా?”

శంభుభట్టు ముఖం గంటు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు దళపతి రాయపనాయకుడి భటుడు వచ్చి పిలుచుకుపోయాడు. ఆ రాయపనాయకుడు, వాకిలి మూయించిన బొల్లపనాయకుడికి మునిమనవడు.

“నీ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివించుకున్నాను,” అన్నాడు దళపతి. “బాగా రాశావు.”

ముగ్గురిలో పుస్తకం చదివినవాడు ఇతనొక్కడే.

అతను తెర తీశాడు. మూడో పలక. అందులో బొల్లపనాయకుడు తెల్లగుర్రం మీద ఏట్లో దిగాడు. ఒంటిచేత్తో ఒక ఆడపిల్లను నీళ్ళలోంచి పైకి లాగుతున్నాడు. పిల్ల సొమ్మసిల్లి ఉంది. వెనక కోట వాకిలి బార్లా తెరిచి ఉంది.

తిప్పాంబ వాకిలి బొమ్మ మీద వేలు పెట్టి అంది, “ఏ వాకిలి మూశాడో ఆ వాకిలే తెరిచారు. అంతమందిని కాపాడిన పిల్లనే ముంచారు. మీకు చేతులెలా వచ్చాయి?”

దళపతికి కోపం రాలేదు. “నీ రాతలో ఒక్క అక్షరం తీసేయమని అనను. లోపల ఏమైనా రాసుకో. చదివేవాళ్ళు పదిమంది, చూసేవాళ్ళు పదివేలమంది. ఆ పదివేలమందికీ మా ముత్తాత ఇలాగే కనిపించాలి.”

“కాదంటే?”

“తాటాకు బాగా మండుతుంది,” అన్నాడు దళపతి మెల్లగా.

తిప్పాంబ ఆచారి ఇంటి మెట్ల మీద కూలబడింది. మూడు పలకలూ గీసింది ఆయనే. సిగ్గుతో ఆయన తల దించుకున్నాడు.

“అమ్మా, పెద్దవాళ్ళతో మనకెందుకు? ఏదో ఒకటి ఒప్పుకో. మొదటిది ఒప్పుకో, కంటికి ఇంపుగానైనా ఉంటుంది.”

“ఏది ఒప్పుకోనండీ? ఒకాయన ఆవిడను పరుపెక్కించాడు. ఒకాయన మబ్బెక్కించాడు. ఒకాయన మొగవాడి చేతికి తగిలించాడు. పడవలో నిలబెట్టడానికి మాత్రం ఒక్కరికీ మనసు రాలేదు! బతికినన్నాళ్ళూ తల వంచని మనిషి. చచ్చాక, అడిగే దిక్కు లేదని, మనం వంచుతామా? నేను ఒప్పుకోను.”

ఆచారి కళ్ళు తుడుచుకున్నాడు.

వసంతోత్సవం వచ్చింది. సభ కిటకిటలాడింది. పేటల జనం, పడవలవాళ్ళు, అందరూ వచ్చారు. మూడు పలకలూ వరసగా నిలబెట్టారు. చూసినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. ఎందుకనరు? ఆచారి చేయి అలాంటిది మరి.

“మూడూ బాగున్నాయే!” అన్నాడు గుండమరాజు. “తిప్పాంబా, నీకేది నచ్చింది?”

ఆమె లేచి దండం పెట్టింది. “ప్రభూ, నా మాటకేం గానీ, ఈ పెద్దలు తమ తమ బొమ్మలోని కథ సభకు చెబితే వినాలని ఉంది. తర్వాత తమరే తేల్చండి.”

రాజు సరేనన్నాడు. మల్లిశెట్టి గొంతు సవరించుకుని, “అనగా... ఒక రాకుమారి... విరహంతో...” అని ఆగిపోయాడు. శంభుభట్టు గంధర్వలోకం వర్ణిస్తూ రెండు శ్లోకాలు చదివాడు. రాయపనాయకుడు మాత్రం తడుముకోకుండా చెప్పాడు. “శత్రువు వచ్చాడు, ఏరు పొంగింది. మా ముత్తాత వాకిలి తెరిచి జనాన్ని లోపలికి రానిచ్చాడు. మునిగిపోతున్న పడవ పిల్లనూ ఒడ్డుకు చేర్చాడు. అదీ కథ.”

రాజు నుదురు చిట్లించాడు. “ఒక పుస్తకంలో మూడు కథలా?”

“ఈ మూడింట్లో ఒక్కటీ పుస్తకంలో లేదు ప్రభూ!” అంది తిప్పాంబ. “ బొల్లపనాయకుడు వాకిలి తెరవలేదు. మూయించాడు.”

సభలో కలకలం రేగింది. దళపతి చేయి కత్తి పిడి మీదికి పోయింది. “మహారాజా, ఇది ఆడదాని కట్టుకథ! సాక్ష్యం ఏది? చూసినవాడు ఎవడు బతికున్నాడు?”

“నిజమే, చూసినవాళ్ళు లేరు,” అంది తిప్పాంబ. “ప్రభూ, ఒక్క మాట అడుగుతాను. కోట తూర్పు వాకిలిని జనం ఏమంటారు?”

“మూతవాకిలి,” అన్నాడు రాజు.

“మీరు పుట్టాక ఏనాడైనా పగటిపూట అది మూసి ఉండగా చూశారా?”

“లేదు. ఎప్పుడూ తెరిచే ఉంటుంది.”

“ఎప్పుడూ తెరిచి ఉండే వాకిలికి ఆ పేరెందుకొచ్చింది ప్రభూ? దళపతిగారిని చెప్పమనండి.”

దళపతి పేటల జనం వైపు ఉరిమి చూశాడు.

జనంలోంచి ఒక పడవ ముసలమ్మ లేచింది. “మా మీద మూశారు గనక, మూతవాకిలి! ఆ తలుపు మీద గుద్దిగుద్ది అలసిన మా అమ్మ చెప్పిన మాట బాబూ ఇది!”

“మా తాతా చెప్పాడు!” అన్నారు ఎవరో. “మా నాయనమ్మా చెప్పింది!” అన్నారు ఇంకెవరో. చూస్తుండగానే సభలో సగం మంది లేచి నిలబడ్డారు.

గుండమరాజు చేయెత్తాడు. “పుస్తకం చదవండి. మొదటినుంచి.”

తిప్పాంబ చదివింది. ఈసారి రాజు నిద్రపోలేదు. మాచన నెరిసిన తలతో రేవుకు వచ్చిన చోట రాజు కళ్ళొత్తుకున్నాడు. మల్లిశెట్టి అయితే వెక్కివెక్కి ఏడ్చాడు. శంభుభట్టు మాత్రం పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాడు.

చదవడం అయ్యాక రాజు అన్నాడు, “సగం విని తల ఊపాను, అది నా తప్పు. నాయకా, నీ ముత్తాత చేసినదానికి నిన్ను శిక్షించను. కానీ పుస్తకమంతా చదివి, తెలిసి తెలిసి, పదివేలమందిని మోసం చేయబోయావు చూడు, అది నీ పని. కత్తి అక్కడ పెట్టి వెళ్ళు.”

రాయపనాయకుడు కత్తి పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా నడిచిపోయాడు.

ఆచారి మూడు పలకలనూ చిత్రిక పట్టించాడు. రంగులు పొట్టుగా రాలిపోయి తెల్లటి చెక్క బయటపడింది. కుంచె పట్టుకుని ఆయన తిప్పాంబను అడిగాడు, “అమ్మా, ఒక్క సందేహం. నలుపు సరే, మచ్చలు సరే. ఇంతకీ నూకాలు అందగత్తేనా, కాదా?”

“మాచన కంటికి అందగత్తె ఆచారిగారూ. ఆ కంటితో చూసి గీయండి.”

ఆయన అలాగే గీశాడు. పొంగిన ఏరు, కిటకిటలాడే పడవ, గడ మీద వాలిన నల్లటి మనిషి. మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి, చేతులు నెత్తురోడుతూనే ఉన్నాయి. నీటి తలుపు దగ్గర కాపలావాడొకడు ప్రపంచాన్ని మరిచి ఆమెనే చూస్తున్నాడు. వెనక కోట వాకిలి, గట్టిగా మూసి.

ఆ బొమ్మ ఊరూరా చావళ్ళకెక్కింది. అక్షరం రాని ఆడవాళ్ళు బిడ్డలను చంకనెత్తుకుని వచ్చి, “అదుగో, మన నూకాలు” అని చూపించారు. చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేదు. “నేను మొదటే అన్నాను కదా!” అని మల్లిశెట్టి అందరితో చెప్పుకున్నాడు.

నీతి: నిజాన్ని లోపల కట్టిపెట్టి పైన అబద్ధాన్ని పులమడం నిజాన్ని పూడ్చిపెట్టడమే. ఎంత పెద్దవాళ్ళు బెదిరించినా, ఆ పూతకు ఒప్పుకోకూడదు.