నక్క గీసిన మూడు చక్రాలు

ఎర్రగుట్ట అడవిలో వేసవి ముదరకముందే జంతువులన్నీ కలిసి వాగుకు అడ్డంగా మట్టికట్ట వేశాయి. నీళ్లు నిలిచాయి గానీ ముందు ఎవరు తాగాలన్నది తేలలేదు. గేదెలు, మేకలు, గాడిదలు ఎవరికి వారే తమదే పెద్ద కష్టమన్నారు. చివరికి ఒక మాటకొచ్చారు. తన మందలో ఎక్కువ వంతును పనికి పంపిన మందే వేసవంతా ముందు తాగాలి.

తీర్పు నక్క శేషయ్యకు అప్పగించారు. గేదెల పెద్ద గట్టయ్య అప్పటికే అతనికి జున్నుపాలు ఆశపెట్టాడని ఎవరికీ తెలీదు.

గాడిదల పెద్ద నీలవేణి నిశ్చింతగా వచ్చింది. వాళ్లది చిన్న మంద. ముసలివాళ్లు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు తప్ప అందరూ మట్టి మోశారు. అది తలచుకుంటే చాలు, ఆమె మెడ దానంతటదే నిటారుగా లేచేది.

శేషయ్య ఇసుకలో ఒకే కొలతతో మూడు చక్రాలు గీశాడు.

"ఒక్కో చక్రం ఒక్కో మంద. పనికొచ్చిన వంతుకు ఎర్రమట్టి పూశాను. మీ కళ్లతో మీరే చూసుకోండి."

గేదెల చక్రంలో ఎరుపంతా నడిమి నుంచి అంచుదాకా ఒకే పెద్ద ముక్కగా ఉంది. గాడిదల చక్రంలో అలాగే అంచును తాకే సన్నసన్న చీలికలై, తలా ఒక దిక్కున పడి ఉంది. మేకలదీ అంతే.

"గేదెలదే ఎక్కువలా ఉందే," అంది మేకల పెద్ద చిట్టెమ్మ నీరసంగా.

నీలవేణికీ మొదట అలాగే కనిపించింది. కానీ తన మందలో ఎవరెవరు వీపు పుండు చేసుకున్నారో ఆమెకు తెలుసు.

"శేషయ్య బావా, మా ఎరుపును ఇన్ని ముక్కలు ఎందుకు చేశావు?"

"ఎన్ని ముక్కలైతేనేం నీలవేణమ్మా, మొత్తం అంతే కదా."

"అంతే అయితే కలిపి చూద్దాం. చిట్టెమ్మా, కాస్త తిప్పతీగ తెంపుకురా."

చిట్టెమ్మ తెచ్చింది. నీలవేణి గేదెల చక్రం అంచున, ఎరుపు ఉన్నంతమేరా తీగ పరిచింది. ఎరుపు అయిపోయిన చోట చిట్టెమ్మ కొరికేసింది. తక్కిన రెండు చక్రాలకూ అలాగే చేశారు. తర్వాత చీలికల తీగలను కొసకు కొస కలిపి, మూడింటినీ ఒకే రాయి దగ్గర మొదలుపెట్టి పక్కపక్కన చాచారు.

గాడిదల తీగ అన్నిటికంటే పొడుగ్గా సాగింది. మేకలది దాని తర్వాత. గేదెలది అందరికంటే వెనకే ఆగిపోయింది.

"మా మంద చిన్నదే," అంది నీలవేణి మెడ ఎత్తి. "మా వంతు చిన్నది కాదు."

గట్టయ్య తీగల వంక చూసి, తల దించుకుని దారి ఇచ్చాడు. నీలవేణి తన మందంతటినీ వెంటబెట్టుకుని, తొందర లేకుండా, అందరి మధ్యనుంచీ నడిచి నీళ్లలో దిగింది.

శేషయ్య మెల్లగా గట్టయ్య పక్కకు చేరాడు. "మరి నా జున్నుపాలు?"

ఆ మాట చిట్టెమ్మ చెవిన పడింది. మరుక్షణం అడవంతటికీ తెలిసిపోయింది. ఆ రోజు నుంచి శేషయ్యను తీర్పుకు పిలిచినవాళ్లు లేరు.

నీతి: పోల్చవలసినవాటిని పక్కపక్కన పెట్టనివాడు ఏదో దాస్తున్నాడని తెలుసుకో.