ఏదుపంది పోలమ్మ అప్పీలు

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు తిరిగే చోట, జంతువులన్నీ కలిసి ఒక నగరం కట్టుకున్నాయి. దానికో నగరసభ ఉంది. సభకు పెద్ద ఎలుగుబంటి బల్లయ్య. ఎండాకాలం వాగు ఎండిపోతే, నగరసభ ఇసుకలో ఒక చెలమ తవ్వించేది. రాత్రంతా అందులో నీళ్ళు ఊరేవి. పొద్దున్నే అందరూ వచ్చి తాగేవాళ్ళు.

ఆ నగరంలో ఒక మంచి చట్టం ఉంది పిల్లలూ. "చెలమ అందరిదీ. ఒంటి తీరు చూసి ఎవరినీ వెనక్కి నెట్టకూడదు." అలా ఎవరైనా నెడితే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ ఫిర్యాదులు విచారించేవాడు ముంగిస చిన్నారావు. వయసు చిన్నది, కాలు చురుకు, లెక్క ఇంకా చురుకు. ముప్పై రోజుల్లో ముప్పై ఫిర్యాదులు తేల్చేశాడు.

ముప్పై ఒకటోది పోలమ్మది. పోలమ్మ ఏదుపంది. ఒళ్ళంతా ముళ్ళు. ఆమెకో చిన్న కూతురు.

"బాబూ, రోజూ అందరికన్నా ముందే చెలమకి వస్తాను" అంది పోలమ్మ. "నీ ముళ్ళు గుచ్చుకుంటాయి, మేం తాగాక రా అంటారు. వాళ్ళు తాగాక మిగిలేది బురదే. నా బిడ్డ ఆ బురద నాకి బతుకుతోంది."

"నేను చూసుకుంటాలే అత్తా! సాయంత్రానికల్లా తేల్చేస్తాను" అన్నాడు చిన్నారావు.

అతను మధ్యాహ్నం చెలమ దగ్గరికి పరిగెత్తాడు. అప్పుడు అక్కడ ఎవరూ లేరు. తడి ఇసుకలో అడుగులు కనిపించాయి. ఏదుపంది అడుగులు లెక్కపెట్టాడు. పదిహేడు! వచ్చింది, తాగింది, వెళ్ళింది. ఇంకేం కావాలి?

తర్వాత ముగ్గురిని అడిగాడు.

"పోలమ్మని ఎవరైనా తరిమారా?"

"లేదే" అంది జింక.

"మేమెందుకు తరుముతాం?" అంది అడవిపంది.

"నా పింఛం మీద ఒట్టు!" అంది నెమలి.

చిన్నారావు ఆకు మీద రాసేశాడు. "ఎవరూ ఆపలేదు. ఫిర్యాదు కొట్టివేయవచ్చు." నగరసభ అలాగే తీర్పిచ్చింది.

"శభాష్ రా చిన్నా! ఒక్క పూటలో!" అని బల్లయ్య వీపు తట్టాడు. చిన్నారావు ఛాతీ రెండింతలైంది.

నగరసభ తీర్పు నచ్చకపోతే పది రోజుల్లోగా, అడవి మొత్తానికి పెద్ద దిక్కైన ఏనుగవ్వకి అప్పీలు పెట్టుకోవచ్చు. తొమ్మిదో రోజు పోలమ్మ చిన్నారావు దగ్గరికి అప్పీలు ఆకు తెచ్చింది.

"మూడు రోజులకి విచారణ" అన్నాడు చిన్నారావు ముఖం ముడుచుకుని. 'నా లెక్కకే అప్పీలా? చూపిస్తాను!' అనుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే వెళ్ళి, చెలమ పక్కన పొదలో కూర్చున్నాడు.

అందరికన్నా ముందు పోలమ్మే వచ్చింది. వెనకే మంద వచ్చింది.

"ఏయ్ పోలమ్మా, అక్కడే ఆగు!" అంది అడవిపంది. "నీ ముల్లు తగిలితే మా వాడి ముక్కు బూరెలా వాస్తుంది." అందరూ నవ్వారు. తాగారు. వెళ్ళిపోయారు. అప్పుడు పోలమ్మ కూతురు దిగి, అడుగున ఉన్న బురద నాకింది.

వాళ్ళు వెళ్ళాక చిన్నారావు ఇసుక చూశాడు. ఏదుపంది అడుగులు అన్ని అడుగుల మీదా పడి ఉన్నాయి. వాటి మీద ఒక్క అడుగు కూడా లేదు. చివర వచ్చినవాళ్ళ అడుగులే పైన ఉంటాయి కదా! ఆ రోజు కూడా ఇలాగే ఉన్నాయి. తను లెక్కపెట్టాడు కానీ చూడలేదు.

చిన్నారావు ముఖం వేడెక్కింది. 'ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దాం' అనుకున్నాడు. బల్లయ్య ఏమంటాడో గుర్తొచ్చింది. 'రేపు చెబుతాను' అనుకున్నాడు.

రెండో రోజూ పొదలోంచి చూశాడు. ఆ రోజూ చెప్పలేదు.

మూడో రోజు విచారణ. ఏనుగవ్వ చెలమ చూడటానికే వస్తోందని తెలిసింది. పోలమ్మ బురద దగ్గర నుంచి అటు వెళ్ళగానే, చిన్నారావు పొదలోంచి దూకి, ఆ అడుగులన్నీ తోకతో చెరిపేశాడు.

ఏనుగవ్వ వచ్చింది. నగరమంతా చుట్టూ మూగింది.

"నిన్ను చివరికి నెడుతున్నారనడానికి సాక్ష్యం ఏదమ్మా?" అని అవ్వ పోలమ్మని అడిగింది.

"నా అడుగులే అవ్వా. చూడండి, అన్నిటికన్నా పైన..." అంటూ పోలమ్మ ఇసుక వైపు తిరిగింది. ఇసుక చదునుగా ఉంది. "ఇందాక ఉన్నాయి అవ్వా. నిజంగా ఉన్నాయి."

"రెక్కలొచ్చి ఎగిరిపోయాయి కాబోలు!" అంది అడవిపంది. గుంపు గొల్లుమంది.

కూతురు పోలమ్మ కాలు పట్టుకుని అడిగింది. "అమ్మా, మనం అబద్ధం చెప్పామా?"

చిన్నారావు చెవుల్లో ఆ మాట ఒక్కటే మిగిలింది. గుంపులోంచి ముందుకొచ్చాడు.

"అబద్ధం నాది" అన్నాడు. "అడుగులు పైనే ఉన్నాయి. చెరిపింది నేనే. మూడు రోజులుగా అంతా చూస్తున్నాను. అయినా చెప్పలేదు."

నవ్వులు ఆగిపోయాయి. బల్లయ్య అటు తిరిగిపోయాడు.

ఏనుగవ్వ తొండం ఎత్తి తీర్పు చెప్పింది. "నగరసభ తీర్పు కొట్టేస్తున్నాను. రేపటి నుంచి ముందు వచ్చినవాళ్ళే ముందు తాగాలి. వెనక్కి నెట్టినవాళ్ళు ఆ రోజు చెలమకి రాకూడదు. నువ్వు ఇక విచారణలు చెయ్యొద్దు, చిన్నారావూ."

మర్నాడు పొద్దున్నే చిన్నారావు చెలమ ఒడ్డున నిలబడ్డాడు. పోలమ్మ రాగానే తల దించుకున్నాడు.

"అత్తా, నన్ను క్షమించు. నేను..."

"పక్కకి జరుగు నాయనా" అంది పోలమ్మ. "పిల్లకి దాహంగా ఉంది."

అతను జరిగాడు. పిల్ల మూతి ముంచి గుటగుటా తాగింది. మధ్యలో ఊపిరి తీసుకుని, మళ్ళీ తాగింది.

చిన్నారావుకి లెక్కలు వద్దన్నా వస్తాయి కదా. తీర్పు ఇచ్చాక ఆ పిల్ల బురద నాకిన పొద్దులు పన్నెండు. తొమ్మిది తను తెలియక చేసినవి. మూడు తెలిసీ చేసినవి. ఆ తొమ్మిదీ మెల్లగా మరుపున పడ్డాయి. ఆ మూడూ మాత్రం అతన్ని ఎన్నటికీ వదల్లేదు.

నీతి: మనం చేసింది తప్పని తెలిసిన రోజే చెప్పెయ్యాలి. దాచిన ప్రతి రోజూ ఆ తప్పుని మనం మళ్ళీ కొత్తగా చేసినట్టే.