గవరమ్మ గిలక

అనగా అనగా, సముద్రం ఇంకా ఊళ్ళ గుమ్మాల దాకా వచ్చి పోతుండే కాలంలో, ఉప్పుమళ్ళ మధ్య ఒక ఊరు. అక్కడ ఏది ముట్టుకున్నా ఉప్పే. పసివాళ్ళు నాకేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటారని అందరికీ హడలు. నడక వచ్చేదాకా బిడ్డల చేతులకు గుడ్డలు చుట్టేవాళ్ళు. పాలైనా జావైనా ఉగ్గుగిన్నెతో గొంతులో పోసేవాళ్ళు. పిల్లలు కిక్కురుమనకుండా పడి ఉండేవాళ్ళు. ఎంత బుద్ధిమంతులో అని మురిసిపోయేవాళ్ళు కూడాను, ఏం చెప్పమంటారు!

కాసులమ్మ కొడుకు అప్పన్నకు రెండేళ్ళు నిండాయి. కూర్చోడు. పిలిస్తే చూడడు. ఒక్క మాట లేదు. వీడు ఇలాగే ఉండిపోతాడేమోనని ఆ తల్లికి ముద్ద దిగేది కాదు.

మడిలో పనికి పోతూ బిడ్డను ఇంట్లోనే, తాటాకు బుట్టలల్లే ముసలి గవరమ్మను కాపలా పెట్టి వదిలేది. ఒకనాడు తిరిగొచ్చి చూస్తే ఏముంది? అప్పన్న చేతుల గుడ్డలు విప్పేసి ఉన్నాయి. నోట్లో తాటాకుతో అల్లిన ఆట గిలక. కాసులమ్మ గుండె ఝల్లుమంది.

"నా కొడుకుని సంపేద్దామనుకున్నావేటి, మామ్మా?"

"కడిగే ఇచ్చేనమ్మా. పసోడికి కళ్ళకన్నా ముందు నోరే సూస్తాది. ఆడ్ని సూడనీ."

కాసులమ్మ గిలక లాగి మూలకు విసిరేసింది. మరో దిక్కు లేక మర్నాడూ గవరమ్మకే వదిలి వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ అదే చూసింది. గుండె ఝల్లుమంది. ఈసారి ఊరంతటినీ కేకేసింది. గవరమ్మను ఊరవతలికి తరిమేశారు. ముసలిది బుట్ట చంకన పెట్టుకుని పోయి, అక్కడే గుడిసె వేసుకుంది.

ఆ రోజు నుంచి అప్పన్న చేతి గుడ్డల్ని కొరకడం మొదలుపెట్టాడు. తల్లి చుట్టడం, వాడు కొరకడం, ఇలాగే వానాకాలం గడిచింది. ఒక పొద్దున గుడ్డ చిరిగింది. వాడు బోర్లాపడ్డాడు. మూలదాకా పాకి పాత గిలక అందుకున్నాడు. లేచి కూర్చుని, కసకసా నమిలి, పెదాలు మూసి తెరిచాడు.

"మామ్మ."

కాసులమ్మ గుండె ఝల్లుమంది. వాడు అమ్మ అనలేదు.

బిడ్డను చంకనేసుకుని ఊరవతలి గుడిసెకు పరిగెత్తింది. గవరమ్మ ప్రాణం ఎప్పుడు పోయిందో పోయింది. ఒళ్ళో బుట్ట, బుట్ట నిండా గిలకలు. పసి నోళ్ళు కోసుకోకుండా ప్రతి అంచూ లోపలికి మడిచి ఉంది. తరిమేసిన ఊరి పిల్లలందరికీ సరిపోతాయవి. కాసులమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఇప్పటికీ ఆ ఉప్పుమళ్ళ ఊళ్ళలో బిడ్డ గిలక నోట్లో పెట్టుకుంటే ఎవరూ లాగరు. "మామ్మ ఇచ్చింది, సూడనీ" అంటారు. బిడ్డ నోట మొదట ఏ మాట వచ్చినా సరే, ఏమన్నాడని అడిగితే తల్లులు "మామ్మ అన్నాడు" అనే చెబుతారు.