పోకర్ నేర్చుకున్న అవ్వ

హైమ ఫోన్‌లో డబ్బు పెట్టి పోకర్ అనే పేకాట ఆడుతుందని ఆశ్రమంలో అందరికీ తెలిసిపోయింది. ఆట మానేస్తావా, ఆశ్రమం వదిలేస్తావా తేల్చుకోమని పెద్ద శిష్యుడు ఓబులేసు నిలదీశాడు. హైమ సంచి సర్దుకుని తిన్నగా తిరుపాలమ్మవ్వ దగ్గరికి వెళ్లింది.

ఆ ఆశ్రమానికి గురువు ఆమే. అందరూ అవ్వా అనే పిలుస్తారు. అప్పుడే అన్నం తిని వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది.

"పొమ్మంటే పోతానవ్వా. తప్పు చేశానని మాత్రం ఒప్పుకోను," అంది హైమ. "కాలేజీలో లెక్కలు చెప్పినదాన్ని. లెక్క తెలిసినవాళ్లు గెలుస్తారు, తెలియనివాళ్లు పోగొట్టుకుంటారు. నేను గెలుస్తున్నాను. ఆ ఆట ఎప్పుడూ ముట్టనివాళ్లు నాకు తీర్పు చెప్పేదేంది?"

"నిజమే. నేనూ ముట్టలేదు," అంది అవ్వ. "నేర్పించు."

హైమ ఈ మాట ఊహించలేదు. పక్కన కూర్చుని ఫోన్ తెరిచింది.

"చేతికి రెండు ముక్కలిస్తారు. అవి నీకు మాత్రమే కనబడతాయి. తర్వాత బల్ల మీద అయిదు ముక్కలు తిప్పుతారు. అవి అందరివీ. మొత్తం ఏడింటిలో మేలైన అయిదు ఎవరికి కుదిరితే పందెం వాళ్లది."

"నాకు కుదరకపోతే?"

"పారెయ్యొచ్చు. లేదంటే, బాగా కుదిరినట్టు పందెం పెంచి ఎదుటివాళ్లను భయపెట్టొచ్చు."

"ఇదేదో బాగుందే!"

అవ్వ తొందరగానే పట్టేసింది. పనికిరాని ముక్కలు మొహమాటం లేకుండా పారేసింది. ఒకసారి చేతిలో ఏమీ లేకుండానే పందెం పెంచి ఇద్దర్ని పారిపోయేలా చేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. హైమకు ధైర్యం వచ్చింది.

"చూశావా అవ్వా! ఇది తెలివి కాదా?"

"తెలివే. ఇంకేమన్నా ఉందా నేర్చుకోడానికి?"

"అసలుది ఇంకా ఉంది," అంది హైమ ఉత్సాహంగా. "ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియాలి. అందరూ ఆట వచ్చినవాళ్లే అయితే ఎవరికీ ఏం మిగలదు. రానివాడు ఒకడుండాలి. వాణ్ణి మేం చేప అంటాం. చేప ఉన్న బల్ల వెతుక్కుని కూర్చోవాలి."

"ఈ బల్ల దగ్గర ఎవరు?"

హైమ తెర మీద ఒక పేరు చూపించింది. కదిరి శీను.

"ఏ ముక్కలొచ్చినా పారెయ్యడు. పోయేకొద్దీ రోషంతో ఇంకా పెడతాడు. మిగతావాళ్లం అందరం ఇతని కోసమే కూర్చున్నాం."

"ఆ సంగతి వాడికి తెలుసా?"

"తెలిస్తే ఎందుకు కూర్చుంటాడు?"

అవ్వ ఫోన్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "వీళ్లతో మాట్లాడాలంటే ఎట్లా పాపా?"

హైమ చాట్ తెరిచి ఇచ్చింది. అవ్వ చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి కొట్టింది.

'శీనూ, నీకు ఈ ఆట రాదు. వీళ్లంతా నీ కోసమే కాచుకుని కూర్చున్నారు. లేచిపో నాయనా.'

హైమ ఫోన్ లాక్కోబోయింది. అప్పటికే మెసేజ్ వెళ్లిపోయింది.

"ఏం పని చేశావవ్వా! అట్లా చెప్పకూడదు! బల్లంతా పాడైపోతుంది!"

తిట్లు వచ్చి పడ్డాయి. ఎవరు నువ్వు అని ఒకరు, నోరు ముయ్యి అని ఇంకొకరు, బూతులతో మరొకరు. అవ్వ అన్నీ ఓపిగ్గా చదివింది. మళ్లీ వేలు కదిపింది.

'లేచిపో.'

'మీరెవరండీ?' అని శీను అడిగాడు.

'అవ్వను.'

కాసేపటికి శీను కుర్చీ ఖాళీ అయింది. ఆ వెంటనే తిట్టినవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచిపోయారు. ఖాళీ బల్ల మీద హైమ పేరొక్కటే మిగిలింది. తర్వాత అదీ పోయింది. ఆటకు అడ్డు తగిలినందుకు మీ ఖాతా నిలిపివేశామని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

హైమ మొహం కందిపోయింది. "వాడు మారతాడనుకున్నావా? ఇంకో బల్ల దగ్గర కూర్చుంటాడు."

"కూర్చుంటాడేమో."

"మరెందుకు చేశావు?"

"అది సరే. ఆట వచ్చినవాళ్లంతా అక్కడే ఉన్నారు కదా," అంది అవ్వ. "వాడొక్కడు లేస్తే అందరూ ఎందుకు లేచారు?"

 

అవ్వ ఫోన్ హైమ ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

హైమ ఆ ఎర్ర అక్షరాలు మూసేసింది. ఆమెకు ఇంకో సైట్లో కూడా ఖాతా ఉంది. అది తెరిచింది. బల్లలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, చేప కనబడినచోట ఆగి కూర్చుంది. వచ్చిన ముక్కలు చూడలేదు. చాట్ తెరిచింది.

అప్పుడే ఓబులేసు వసారాలోకి వచ్చాడు. "గురువు గడపలోనే కూర్చుని ఆడుతున్నావా! సిగ్గు లేదూ?"

హైమ తల ఎత్తలేదు. వేళ్లు ఆపలేదు.

"ఆడటం లేదన్నా," అంది. "లేపుతున్నాను."