టక్కుమనే మెట్టు

శరభయ్య మాస్టారికి ప్రశ్న వేస్తే జవాబు రాదని తెనాలిలో నాటకాలవాళ్ళందరికీ తెలుసు. జవాబుకి బదులు ఏదో ఒక పని వస్తుంది. శృతి ఎన్నాళ్ళు నిలుస్తుంది మాస్టారూ అని అడిగిన పెద్దమనిషిని ఎర్రటి ఎండలో హార్మోనియం పెట్టె పక్కన గంటసేపు కూర్చోబెట్టిన ఘనుడాయన. వయసులో ఉండగా నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆ తర్వాత కాలవ గట్టు మీది ఇరుకు కొట్టులో హార్మోనియాలు బాగుచేస్తూ, శృతి చేస్తూ ముసలివాడయ్యాడు. ఆ కొట్టుకో ఆచారం ఉంది. పెట్టె కొనడానికి వచ్చినవాడు ఎంత పేరుమోసిన ఆర్టిస్టయినా సరే, రెండిట్లో ఏది బాగుందో తేల్చుకోవాలంటే గోడవైపు తిరిగి నిలబడాలి. వెనకనుంచి మాస్టారు వాయిస్తాడు. మొహం ఇటు తిప్పడానికి వీల్లేదు. చెక్క నునుపూ ఇత్తడి మెరుపూ చూసి ఎగబడి కొన్నవాళ్ళు నెల తిరక్కుండా తిట్టుకుంటూ రావడం చూసి చూసి ఆయన పెట్టిన కట్టడి అది. గోడకి ఆ జాగాలో, మనిషి ఎత్తున, నుదుళ్ళు ఆనించగా పడ్డ నూనె మరక ఇప్పటికీ ఉంది.

కస్తూరి ఆయన దగ్గర ఆరేళ్ళు పనిచేసి శృతి పట్టడం నేర్చుకుంది. తర్వాత హార్మోనియాలకి గిరాకీ తగ్గి, ఇళ్ళల్లో మ్యూజిక్ సిస్టమ్‌లు అమర్చే పనిలోకి దిగింది. చెవి మాత్రం మాస్టారు పెట్టిన చెవే. ఒకరోజు పొద్దున్నే ఆమె రెండు డబ్బాలు సంచిలో వేసుకొచ్చి, ఆయన బల్లమీద రీడ్లూ ఆకురాళ్ళూ పక్కకి జరిపి వాటిని పెట్టింది. ఒకటి అగ్గిపెట్టెకి అన్నలా, నల్లగా, అనామకంగా ఉంది. రెండోది బరువుగా, వెండిరంగు మొహంతో, లోపలి గాజుబుడ్డి నారింజరంగులో వెలిగేలా కిటికీ పెట్టించుకుని, పెళ్ళికొడుకులా ఉంది.

"మాస్టారూ, ఈ రెండిట్లో ఏది మంచిది?" అంది.

అసలివి చేసే పనేమిటని ఆయన అడిగాడు. ఆమె ఓపిగ్గా చెప్పింది. టీవీ కింద పెట్టుకునే స్ట్రీమింగ్ బాక్సులో పాటంతా అంకెల రూపంలో ఉంటుంది. అంకెల్ని మనిషి వినలేడు. వాటిని మళ్ళీ నాదంగా మార్చి స్పీకర్లకి అందించేది ఈ డబ్బా. అమ్మేవాళ్ళు దీన్ని డాక్ అంటారు. టీవీలోనూ అలాంటిదొకటి ఉంటుంది గానీ, ఉందంటే ఉందనిపించుకోవడానికే. పెద్దదాని గురించి దాంతో వచ్చిన పుస్తకం నిండా పొగడ్తలున్నాయి, ఎంత గరుకు శబ్దాన్నయినా నున్నగా చేస్తుందట. మాస్టారు ఊఁ కొట్టి, ఎవరింటికని అడిగాడు. మాణిక్యమ్మ గారింటికి అని ఆమె చెప్పగానే చేతిలో ఆకురాయి కింద పెట్టేశాడు.

మాణిక్యమ్మంటే రాజవేషాల మాణిక్యమ్మ. ఆడది మగవేషం కట్టడమేమిటని మూతి తిప్పుకున్నవాళ్ళే ఆమె పద్యం ఎత్తుకునేసరికి ముందువరసలో చాప పరుచుకునేవారు. పందిరి బయట సోడాకొట్టువాడు సైతం సీసా కొట్టడం ఆపేవాడట. అలాంటి మనిషికి ఎనిమిదేళ్ళ కిందట గొంతు ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మిగిలిందల్లా గుసగుస. ఆ తర్వాత చూపు కూడా పోయింది. ఆమె ఆడిన నాటకాల్లో మిగిలింది ఒకే ఒక్క కాసెట్టు, నలభై ఏళ్ళ కిందట మైకుసెట్టు అతను సరదాకి పట్టింది. మేనల్లుడు బలరాం అత్తకోసం స్ట్రీమింగ్ బాక్సు కొని, ఒక్క మీట నొక్కితే తన పద్యాలు తనకి వినపడే ఏర్పాటు చెయ్యమని కస్తూరిని పిలిచాడు. ఆమె కాసెట్టుని జాగ్రత్తగా బాక్సులోకి ఎక్కించింది. అక్కడక్కడా టక్కుమని ఓ చప్పుడు దొర్లుతుంటే, టేపు లోపమనుకుని, తీసెయ్యమంటారా అని మాస్టారినే అడిగింది. ఆయన తలెత్తకుండా "ఉండనీ" అన్నాడు. ఉంచేసింది.

తీరా టీవీలోంచి పద్యం వచ్చేసరికి మాణిక్యమ్మ రెండు పాదాలు విని, ఇది నా గొంతు కాదంది. కస్తూరి మంచి స్పీకర్లు తెచ్చి పెట్టింది. అప్పుడూ అదే మాట. మూడోసారి వింటాను, అదే ఆఖరు, ఆ తర్వాత ఆ కాసెట్టు సంగతి ఎవరూ నా దగ్గర ఎత్తొద్దని ఆవిడ గుసగుసగానే తెగేసి చెప్పింది. కస్తూరికి వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఒక మనిషికి తన గొంతు తనకి దక్కడమో, ఇక ఎప్పటికీ దక్కకపోవడమో ఈ రెండు డబ్బాల మధ్య తేలాల్సి ఉంది. ఇంట్లో విని చూస్తే పెద్దదే బాగుందనిపించింది. అయినా మాస్టారి నోట ఔనన్న మాట వినాలని వచ్చింది.

మాస్టారు డబ్బాలవైపు చూడనైనా చూడలేదు. "గోడవైపు తిరుగు" అన్నాడు. ఆరేళ్ళ అలవాటు, ఆమె మారుమాట లేకుండా వెళ్ళి నూనె మరకకి నుదురు ఆనించింది. వెనకాల హార్మోనియం మీద ఒక పద్యం ఎత్తుగడ వినపడింది. కాస్సేపు ఆగి అదే ఎత్తుగడ మళ్ళీ వినపడింది. ఏది మంచిదని ఆయన అడిగితే, రెండోదేనని తడుముకోకుండా చెప్పింది. నిండుగా ఉంది, మనిషి దగ్గరకొచ్చి పాడినట్టుంది అని వివరం కూడా ఇచ్చింది. తిరిగి చూస్తే చాపమీద ఒకే ఒక్క పెట్టె ఉంది. రెండోసారి మాస్టారు గాలితిత్తి కాస్త గట్టిగా నొక్కాడు, అంతే.

కస్తూరి చెవులు ఎర్రబడ్డాయి. ఎందుకంటే ఈ ఎత్తు ఆమెకి కొత్తది కాదు. గొప్పలు పోయే కొనుగోలుదారుల మీద మాస్టారు దీన్ని ప్రయోగించినప్పుడల్లా పక్కన నిలబడి నవ్వు ఆపుకున్న మనిషి ఆమే. గట్టిగా వినపడిందల్లా మంచిదనిపిస్తుందని వందమందికి చెప్పి, తన వంతు వచ్చేసరికి తానే బోర్లాపడింది. పెద్ద డబ్బా చిన్నదానికంటే గట్టిగా పలుకుతుందన్న సంగతి ఆమె శబ్దం కొలిచే మీటరు పెట్టి చూడనే లేదు.

డబ్బాలు సంచిలో వేసుకుని ఇంటికి పరిగెత్తింది. మీటరు తీసి రెండిటి శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చింది. అత్తగారి చేతిలో స్విచ్చి పెట్టి, మీకు తోచినప్పుడల్లా అటూ ఇటూ మార్చండి అత్తయ్యా, ఏది పెట్టారో నాకు చెప్పొద్దు అని తాను గోడవైపు తిరిగి నిలబడింది. కోడలికి గోడతో ఏం పనో అర్థంకాక ఆవిడ బిత్తరపోయినా స్విచ్చి మాత్రం బుద్ధిగా మార్చింది. గంట గడిచేసరికి పెద్దదాని గొప్పతనం సగం ఇగిరిపోయింది. మిగిలిన సగం మాత్రం నిలిచే ఉంది. ఎన్నిసార్లు విన్నా అందులో ఏదో తియ్యదనం. చిన్నదాంట్లో అది లేదు. మర్నాడు ఆమె ఆ మాటే మాస్టారికి చెప్పింది, కాస్త ధీమాగానే చెప్పింది. తిత్తి సమానం చేశాను, అయినా పెద్దదే తియ్యగా ఉంది అంది.

మాస్టారు చిలక్కొయ్యకున్న చొక్కా తీసి తొడుక్కుంటూ, "ఆవిడ గొంతు తియ్యగా ఉండేదని నీకెవరు చెప్పారమ్మాయ్?" అన్నాడు.

మాణిక్యమ్మ స్టేజీ దిగేనాటికి కస్తూరి ఇంకా పుట్టలేదు. ఇద్దరూ రెండు డబ్బాలూ పట్టుకుని మాణిక్యమ్మ ఇంటికి వెళ్ళారు. ఆవిడ పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. మాస్టారు వచ్చానని పలకరిస్తే, తల మాత్రం ఆడించింది. బలరాం ఇంటి తలుపులన్నీ మూసి ఫ్యాను ఆపాడు. కస్తూరి వైర్లు కలిపి, మీటరు పెట్టి సమం చేసుకుని, అలవాటు కొద్దీ గోడవైపు తిరగండమ్మా అనబోయి నాలిక కరుచుకుంది. ఆవిడకి గోడతో పనిలేదు. ఉన్నవి చెవులే.

ముందు పెద్దది పెట్టింది. పద్యం మెత్తగా, నిండుగా గదంతా పరుచుకుంది. ఎక్కడా ఏదీ చెవికి గుచ్చుకోలేదు. మాణిక్యమ్మ నాలుగు పాదాలూ విన్నది, వేళ్ళతో కుర్చీ చేతిమీద తాళం కూడా వేసింది. పద్యం అయ్యాక ఆవిడ మర్యాదగా గుసగుసలాడింది.

"బాగుందమ్మా. ఎవరు పాడింది?"

బలరాం మొహం వాడిపోయింది. ఇంకొక్కటుంది, అది కూడా వినండమ్మా అని కస్తూరి బతిమాలింది. ఒక్కసారన్నాను, విన్నాను, అయిపోయింది అన్నట్టు ఆవిడ చెయ్యి ఊపి లేవబోయింది. అప్పుడు మాస్టారు అందుకున్నాడు.

"అక్కా, జనం వన్స్ మోర్ కొడితే నువ్వు పాడనన్నది ఎప్పుడు?"

ఆవిడ ఆగిపోయింది. పద్యానికి వన్స్ మోర్ పడితే, చచ్చిపోయి కిందపడ్డ పాత్ర సైతం లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావాల్సిందే. అది ఆమె పెరిగిన లోకపు చట్టం. దాన్ని మాణిక్యమ్మ ఏనాడూ తప్పలేదు. మూతి ముడుచుకునే కూర్చుంది గానీ, కూర్చుంది.

కస్తూరి చిన్నదానికి వైర్లు మార్చింది. ముందు టేపు సన్నగా బుస పెట్టింది. జనం గోల వినపడింది. తర్వాత ఎవరో ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు, గదిలోనే పీల్చినంత స్పష్టంగా. అప్పుడు గొంతు లేచింది. అది తియ్యటి గొంతు కాదు. జీర ఉన్న గొంతు. పైకి పోయేకొద్దీ ఆ జీర పదునెక్కి, రాగం చివర తెగిపోతుందేమోనని వినేవాళ్ళ గుండెలు జారుతుంటే, తెగకుండా ఇంకో మెట్టు పైకి పాకింది. ఇన్నాళ్ళూ ఆ జీరనే టీవీ కాజేసింది. దాన్నే పెద్ద డబ్బా నున్నగా చేసి పెట్టింది. మాణిక్యమ్మ నిటారుగా కూర్చున్నది మరీ నిటారైంది. గుప్పిళ్ళు బిగిశాయి. రాగం దిగివచ్చి హార్మోనియం అందుకున్న చోట టక్కుమంది.

మాణిక్యమ్మ చటుక్కున ఎడమవైపుకి, స్టేజీ మీద హార్మోనియం కూర్చునే వైపుకి తల తిప్పింది.

"శరభయ్యా, ఆ మెట్టు చూసుకొమ్మన్నానా లేదా?"

అన్న తర్వాతగానీ తానేమన్నదో ఆవిడకి తెలియలేదు. తెలిశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. నేనే, బలరాం, అది నేనేరా, అని గుసగుసగా ఎన్నిసార్లందో లెక్కలేదు. స్పీకర్లలో పందిరి పందిరంతా వన్స్ మోర్ అని హోరెత్తింది. బలరాం గొంతు కలిపాడు. కస్తూరి, వృత్తిరీత్యా కస్టమర్ల ఇళ్ళల్లో గొంతు పెంచని మనిషి, వీధిలోకి వినపడేలా అరిచింది. మాణిక్యమ్మ లేచి నిలబడి, పైట చెంగుని ఉత్తరీయంలా భుజం మీదికి విసురుకుని, జనానికి కుడిచెయ్యి ఎత్తి ఒప్పుకుంది. ఒప్పుకుని, మీట తానే తడిమి పట్టుకుని, పద్యాన్ని మొదటినుంచీ పెట్టింది. ఆ పూట ఆ ఇంట్లో పద్యం పదకొండుసార్లు నడిచింది.

తిరిగి వస్తుంటే పెళ్ళికొడుకు డబ్బా బరువు కస్తూరికి తెలియనే లేదు. గెలిచిన మనిషి నడక ఆమెది. కాలవ వంతెన దాటుతుండగా ఏదో గుర్తొచ్చి ఆగింది. ఆ టక్కు టేపుది కాదు, మీ హార్మోనియం మెట్టుదని మీకు ముందే తెలుసు గదా మాస్టారూ, ఒక్క మాట చెబితే నాకీ తిప్పలు తప్పేవి గదా అని నిష్ఠూరమాడింది. ఆ నాటకం మర్నాడే, టక్కుమనకుండా మెట్టు కింద గుడ్డ మార్చానని, ఆ తర్వాత తన చేతిమీదుగా వెళ్ళిన ఏ పెట్టే అలా పలకలేదని ఆయన చెప్పాడు. అది నలభై ఏళ్ళ కిందటి మాట. నాలుగడుగులు వేసి, ఆమె చేతిలోని పెద్ద డబ్బాకేసి మొదటిసారిగా చూశాడు.

"దాంట్లో నా తప్పు నాకు వినపళ్ళేదమ్మాయ్. ఎంత హాయిగా ఉందనుకున్నావ్" అన్నాడు.